స్టీరింగ్ మీ చేతిలో... అగ్రిమెంటులో పేరెవరిది?

"లైసెన్సు ఉందిగా, ఇంకేం!" అన్నారు మా అత్తగారు, నేను ఆఫీసు పనిమీద మూడు నెలలు డాలస్ వెళ్తున్నానని తెలియగానే. నిజమే, ఉంది. తొమ్మిదేళ్ళుగా పర్సులో భద్రంగా ఉంది. సిమ్ కార్డు కొన్నప్పుడూ, రైలెక్కినప్పుడూ గుర్తింపు కార్డుగా బాగానే పనికొచ్చింది. ఇక నడపడమంటారా, పొద్దున ఆఫీసు క్యాబ్ ఇంటిముందుకే వస్తుంది, రాత్రి అదే దింపుతుంది. ఆదివారం బయటికెళ్తే స్టీరింగ్ మావారిది, పక్క సీటు నాది. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసుల్లో నాలాంటివాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు లెండి.

డాలస్‌లో దిగాక తెలిసింది, అక్కడ కారు లేకపోతే కాళ్ళు లేనట్టేనని. హోటలు ఒకచోట, ఆఫీసు ఇంకోచోట. పాలు కావాలన్నా కారే. ముగ్గురం వెళ్ళాం. మా టీములో పెద్దాయన పేరుమీద కారు అద్దెకి తీసుకున్నాం. "మీ పేరు కూడా రాయిస్తే రోజుకింత అదనమట. ఎందుకు మేడమ్, మీరు నడుపుతారా ఏమన్నానా!" అన్నాడాయన. నేనూ సరేనన్నాను. తప్పు అక్కడే జరిగింది.

మూడోవారం ఆయనకి జ్వరం. మందుల షాపు అరమైలు దూరం, నేనే తీశాను కారు. వచ్చేటప్పుడు పార్కింగులో రివర్స్ చేస్తూ స్తంభానికి కొట్టాను. వెనక బంపర్ సొట్టపోయింది. కారుకి డ్యామేజీ కవర్ కొన్నాం కదా అని ధీమాగా ఫోన్ చేశాం. వాళ్ళ మొదటి ప్రశ్న, "నడిపిందెవరు?" ఉన్నదున్నట్టు చెప్పాను. అగ్రిమెంటులో పేరులేని మనిషి నడిపితే కవర్ వర్తించదట. కాయితం తీసి చూస్తే ఆ ముక్క రాసే ఉంది. ఆరువందల ఎనభై డాలర్లు నేనే కట్టుకున్నాను. డబ్బు సంగతి సరే, స్తంభం బదులు అక్కడ ఎవరైనా మనిషి ఉండి ఉంటే? ఆ రాత్రి కంటిమీద కునుకు లేదు.

అందుకే, మీరు ఒక్కసారైనా నడిపే అవకాశం ఉంటే మీ పేరు రాయించుకోండి. భార్యాభర్తలైతే కొన్ని కంపెనీలు అదనపు రుసుము తీసుకోవు, కానీ ఆ మాట కౌంటర్‌లో అడిగి తెలుసుకోవాలి. ఇన్సూరెన్సు అని అందరూ అనేది ఒకటి కాదు. అద్దె కారుకి దెబ్బతగిలితే ఆదుకునేది ఒకటి, మనవల్ల ఎదుటివాళ్ళకి జరిగిన నష్టానికి వేరొకటి. రెండోదే ముఖ్యం. మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేదీ అదే. క్రెడిట్ కార్డుమీద డిపాజిట్ కింద కొంత సొమ్ము ఆపిపెడతారు, కంగారు పడకండి. కారు తీసుకునేటప్పుడు, తిరిగి ఇచ్చేటప్పుడు నాలుగువైపులా ఫోటోలు తీసుకోండి. పాత గీతలకి కొత్త బిల్లు పడకుండా ఉంటుంది.

ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఇక్కడ బయల్దేరకముందే తీసుకోవాలి. చెల్లుబాటులో ఉన్న మన లైసెన్సు, పాస్‌పోర్టు, వీసా చూపిస్తే ఆర్టీఏ వాళ్ళు ఇస్తారు. ఏడాది పనిచేస్తుంది, అదీ అసలు లైసెన్సు పక్కన ఉంటేనే. ఇంటర్నెట్‌లో "అంతర్జాతీయ లైసెన్సు" అంటూ అమ్మేవాళ్ళ మాట నమ్మకండి. అమెరికాలో రూల్సు రాష్ట్రానికోరకం కాబట్టి వెళ్ళబోయే రాష్ట్రం సంగతి ముందే చూసుకోవాలి. అక్కడే స్థిరపడేవాళ్ళయితే ఆ రాష్ట్రపు లైసెన్సు తీసుకోక తప్పదు.

ఇక రోడ్డుమీద. బండి కుడివైపు నడవాలని అందరికీ తెలుసు. చేతులకే తెలీదు! నేను ఇండికేటర్ అనుకుని నొక్కినప్పుడల్లా వైపర్లు ఆడేవి. మా కారులో ఇండికేటర్ కుడిచేతి వైపు, అక్కడ ఎడమచేతి వైపు మరి. స్టాప్ అని ఎర్రబోర్డు కనిపిస్తే ఎదురుగా పిట్ట లేకపోయినా చక్రం పూర్తిగా ఆగాల్సిందే. నాలుగువైపులా ఆ బోర్డుంటే ముందొచ్చినవాళ్ళు ముందు వెళ్తారు. స్కూలు బస్సు ఎర్రదీపాలు వెలిగించి ఆగిందంటే వెనకవాళ్ళూ ఆగాలి, మధ్యలో డివైడర్ లేకపోతే ఎదురొచ్చేవాళ్ళు కూడా. పోలీసు కారు వెనకొచ్చి లైట్లు వేస్తే కుడిపక్కన ఆపి లోపలే కూర్చోవాలి, చేతులు స్టీరింగ్‌మీదే ఉంచాలి. మనదగ్గరలా దిగి దగ్గరికెళ్ళి మాట్లాడబోతే వాళ్ళు ప్రమాదమనుకుంటారు.

నన్ను బాగా భయపెట్టింది హైవే దిగే వంపు. అరవై, డెబ్బై మైళ్ళ మీద వచ్చి దిగుతుంటే పసుపు బోర్డుమీద 25 అని ఉంటుంది. 25 మైళ్ళంటే మన 40 కిలోమీటర్లు. ఆ అంకె చూడగానే నాకు మన బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ గుర్తొచ్చింది. 2019 నవంబర్‌లో, దాన్ని తెరిచిన నెలలోపే, 40 మీద వెళ్ళాల్సిన ఆ వంపులో దాదాపు వంద వేగంతో వచ్చిన కారు పైనుంచి కింద పడింది. తన దారిన తను కింద నిలబడ్డ ఒకావిడ ప్రాణం పోయింది. ఆ రోజు మా ఆఫీసులో ఎవరికీ అన్నం సయించలేదు. డాలస్‌లో పసుపు బోర్డు చూసినప్పుడల్లా వెనకవాడు ఎంత తొందరపడినా నేను 25 దాటలేదు.

ఇప్పుడు మా చిన్నాడపడుచు న్యూజెర్సీ వెళ్తోంది. అక్కడ పెట్రోలు మనం పోసుకోకూడదు, బంకువాళ్ళే పోస్తారు. దానికి అదొక్కటే సుఖం. మిగతావన్నీ నేర్వాల్సిందే. ఆదివారం పొద్దున ఆరింటికి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ రోడ్లు ఖాళీగా ఉంటాయి. అక్కడ నాలుగు వారాలు తిప్పి, చెయ్యి కుదిరాక అవుటర్ రింగురోడ్డు ఎక్కిద్దామని నా ఆలోచన. లైసెన్సు వచ్చి ఎనిమిదేళ్ళయింది పిల్లకి. నిన్న సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుని, అద్దం సర్దుకుని, నావైపు తిరిగి మెల్లగా అడిగింది:

"వదినా, ఇందులో క్లచ్ ఏదీ?"