మోటారుకారు క్లచ్చి: రోగనిర్ణయమును చికిత్సయు



మోటారుకారు పరుగెత్తుట మనమందరమును నిత్యము చూచుచున్నాము. కాని యింజనులో పుట్టిన శక్తి చక్రములకు చేరు మార్గమును విచారించువారు కొలదిమందియే. ఆ మార్గమునకు వాకిలివంటిది క్లచ్చి. అది చెడినచో ఇంజను ఎంత బలమైనదైనను బండి కదలదు. దీవిసీమనుండి రోగిని బందరు ఆసుపత్రికి తెచ్చు కారు అర్ధరాత్రమున దారినడుమ నిలిచినచో కలుగు ఆపదను మీరే యూహింపగలరు. అద్దెకారుతో కుటుంబమును పోషించుకొనువాడు తప్పు నిర్ణయమును నమ్మి ఊరక గేర్‌బాక్సు విప్పించినచో, పెక్కుదినముల సంపాదన వ్యర్థమగును. కావున విప్పుటకు ముందే రోగమేదియో తెలిసికొనవలెను.

ముందుగా దాని నిర్మాణమును చూతము. ఇంజనుతో కూడ తిరుగు బరువైన చక్రము ఫ్లైవీలు. దాని ముఖమునకు అంటియుండు గుండ్రని పలుచని పలక క్లచ్చి ప్లేటు. దీని రెండు వైపులను రాపిడి పట్టీలు రివెట్లతో బిగింపబడియుండును. దీని నడిమి పండ్లరంధ్రము గేర్‌బాక్సు ఇరుసుపై అమరియుండును. వెనుకనుండి ప్రెషర్ ప్లేటు బలమైన స్ప్రింగుతో దీనిని ఫ్లైవీలునకు అదిమిపట్టును. మనము పెడలు త్రొక్కగా రిలీజు బేరింగు ఆ స్ప్రింగును నొక్కును. అదుము సడలి ప్లేటు విడివడును. రెండు అరచేతులను గట్టిగా ఒత్తి యొకదానిని త్రిప్పిన రెండవదియు తిరుగును. ఒత్తిడి సడలించిన తిరుగదు. మీరు భౌతికశాస్త్రమున చదువు ఘర్షణయే యిచట పనిచేయుచున్నది.

క్లచ్చి రోగములలో ముఖ్యమైనవి రెండు: పట్టవలసినప్పుడు పట్టక జారుట, విడువవలసినప్పుడు విడువకుండుట.

జారు క్లచ్చికి గుర్తేమనగా, ఆక్సిలరేటరు త్రొక్కినకొలది ఇంజను రొద హెచ్చును గాని వేగము హెచ్చదు. ఒక్కొక్కప్పుడు మాడువాసన వచ్చును. మన కృష్ణాడెల్టా సమభూమి యగుటచే ఈ రోగము చాలకాలము దాగియుండును. బందరునుండి గుడివాడకు ఒంటరిగా పోవువానికి అది తెలియకపోవచ్చును. నిండు బరువుతో పులిగడ్డ–పెనుమూడి వారధిని గాని, కాలువగట్టును గాని ఎక్కునప్పుడు బయటపడును. పరీక్షించు విధము: ముందు వెనుకల ఎవరును లేని మైదానమున చేతిబ్రేకు గట్టిగా లాగి, పైగేరు వేసి, ఇంజను వేగమును కొంచెము పెంచి, పెడలును మెల్లగా విడువవలెను. క్లచ్చి మంచిదైన ఇంజను వెంటనే ఆగిపోవును. ఆగక తిరుగుచున్నచో జారుచున్నదన్నమాట. ఈ పరీక్షను పలుమారు చేయరాదు, ప్లేటు కాలును.

జారుటకు కారణములు పట్టీలు అరుగుట, వానిపై నూనె పడుట, స్ప్రింగు బలము తగ్గుట. కేబులుగల బండ్లలో మరియొక కారణము కలదు. పెడలును చేతితో నొక్కినప్పుడు మొదట కొంతదూరము తేలికగా కదలవలెను. ఈ వదులు బొత్తిగా లేనిచో క్లచ్చి ఎల్లప్పుడును సగము త్రొక్కినట్లే యుండును. అట్టిచో తయారీదారుల పుస్తకములో చెప్పిన కొలతకు కేబులును సరిచేసిన చాలును.

విడువని క్లచ్చికి గుర్తు గేరు వేయునప్పుడు కలుగు గరగర ధ్వని. ఇంజను మెల్లగా తిరుగుచుండగా పెడలును పూర్తిగా త్రొక్కి, పది లెక్కించి రివర్సు గేరు వేసి చూడుడు. అప్పటికిని గరగరలాడినచో ప్లేటు విడివడుటలేదని అనుమానింపవలెను. 1983లో బయలుదేరిన మారుతి 800 వంటి కేబులు బండ్లలో తీగ సాగినదా, పోగులు తెగినదా, తుప్పుపట్టినదా చూడవలెను. బందరు ఉప్పుగాలికి ఇనుము త్వరగా తుప్పుపట్టును. ఆయిలు ఒత్తిడితో పనిచేయు బండ్లలో డబ్బాలోని మట్టమును, పెడలు దగ్గరను గేర్‌బాక్సు దగ్గరను ఉన్న సిలిండర్లలో కారుటను చూడవలెను. రెండుమూడుమార్లు త్రొక్కిన పిమ్మట పనిచేసినచో లోపల గాలి చేరియుండవచ్చును. వీనిలో పెక్కు దోషములు గేర్‌బాక్సు దింపకయే పోవును. వరదనీట నిలిచిన బండిలోనైతే ప్లేటు తుప్పుతో ఫ్లైవీలునకు అంటుకొనియుండుటయు కలదు.

చెవియు సాక్ష్యమిచ్చును. పెడలు త్రొక్కినప్పుడు మాత్రమే ధ్వని పుట్టినచో రిలీజు బేరింగును, త్రొక్కగానే ధ్వని మానినచో గేర్‌బాక్సు ముందరి బేరింగును అనుమానింపవలెను.

ఇన్ని విచారించిన పిమ్మటను దోషము లోపలిదే యని తేలినచో విప్పవలెను. మొదట బ్యాటరీ తీగ తీసి, బండి క్రింద గట్టి స్టాండులు పెట్టవలెను. జాకీ నొక్కదానిని నమ్మి బండి క్రిందికి దూరుట ప్రాణాపాయము. లోపలి ధూళిని ఊదరాదు, పాత పట్టీలలో ఊపిరితిత్తులకు హానిచేయు ఆస్‌బెస్టాసు ఉండవచ్చును, తడిగుడ్డతో తుడువవలెను. పట్టీలు రివెట్ల తలలవరకు అరిగినవా, ఫ్లైవీలుపై కాలిన నీలిమచ్చలు, బీటలు ఉన్నవా చూడుడు. నూనె కారుచున్నచో దాని మూలమును ముందు మాన్పవలెను. లేనిచో క్రొత్త ప్లేటును పాడగును. గేర్‌బాక్సు దింపుటయే పెద్ద శ్రమ గనుక ప్లేటు, ప్రెషర్ ప్లేటు, బేరింగు మూడును ఒక్కసారియే మార్చుట మేలు. ప్లేటు ఏ వైపు ఎటుండవలెనో గుర్తించి, సరిగా నడుమ నిలిపి, బోల్టులను ఎదురెదురుగా కొంచెము కొంచెముగా బిగింపవలెను. గ్రీజు చేయి పట్టీలకు తగులనీయరాదు.

క్లచ్చి ఆయుష్షు నడుపువాని పాదముననే యున్నది. పెడలుపై ఊరక కాలుంచుట, రైలుగేటువద్ద గేరులోనే యుండి పెడలు త్రొక్కిపట్టుట, వారధి వాలున బ్రేకుకు బదులు సగము క్లచ్చితో బండిని నిలుపుట, ఈ మూడును మానినచో అది చాలకాలము మన్నును.

మన ప్రభువు వడ్రంగిపని యెరిగినవాడు. చేతులకు మసియంటు పని తక్కువదని మీలో నెవరును తలంపకుడు. ఎదుటివాని బండిని తనదిగా నెంచి, నిజమైన దోషమునే చెప్పి, దానిని మాత్రమే బాగుచేయు మెకానిక్కు ఊరివారికి చేయు ఉపకారము చిన్నది కాదు. అట్టివారు మన పాఠశాలనుండియు బయలుదేరుదురు గాక.