ఓరియెంటీరింగ్: లోపలికి ఎందరు, బయటికి ఎందరు?



కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ మనందరికీ తెలుసు. ఓరియెంటీరింగ్ అనే ఆట పేరు మనలో చాలామంది విని ఉండరు. చేతిలో ఒక మ్యాపు, ఒక దిక్సూచి పట్టుకొని అడవిలోకి వెళ్ళాలి. అక్కడక్కడ కట్టిన జెండాలను వరుసగా వెతికి పట్టుకోవాలి. అన్నీ చూసి తక్కువ టైములో తిరిగి వచ్చినవాళ్ళే గెలిచినట్టు. కాళ్ళు ఒక్కటే పరుగెత్తితే చాలదు, బుర్ర కూడా పరుగెత్తాలి.

ఈ ఆట ఉత్తర ఐరోపాలో పుట్టింది. 1897లో నార్వే దేశంలో మొదటిసారి అందరి కోసం పోటీ పెట్టారు. 1919లో స్వీడన్‌లో ఎర్న్‌స్ట్ కిల్లాండర్ అనే సైనికాధికారి స్టాక్‌హోమ్ దగ్గర పెద్ద పోటీ నడిపాక ఇది బాగా వ్యాపించింది. 1961లో అంతర్జాతీయ సమాఖ్య ఏర్పడింది. ఆస్ట్రేలియాలో అడవిని, పొదల ప్రాంతాన్ని "బుష్" అంటారు. అక్కడ అడవిలో ఆడితే బుష్ ఓరియెంటీరింగ్. ఊళ్ళలో ఉండే చిన్న క్లబ్బులే వీటిని నడుపుతాయి. జీతగాళ్ళు ఉండరు, పనంతా వాలంటీర్లదే. వాళ్ళు ఎలా నడుపుతారో తెలుసుకుందాం. అందులో మనకు పనికొచ్చే సంగతులు ఉన్నాయి.

మ్యాపు సంగతి

మన భూగోళం పుస్తకంలో అడవికి ఆకుపచ్చ రంగు వేస్తారు. ఈ ఆట మ్యాపులో అలా కాదు. సులువుగా పరుగెత్తగలిగే అడవి తెల్లగా ఉంటుంది. తుప్పలు ఎక్కువై నడక కష్టమైతే ఆకుపచ్చ. ఎంత ముదురు ఆకుపచ్చ అయితే అంత కష్టం. పసుపు అంటే చెట్లు లేని బయలు, నీలం అంటే నీళ్ళు, నలుపు అంటే బండలు, బాటలు, ఇళ్ళు. గోధుమ రంగు గీతలు కాంటూరు రేఖలు. అవి దగ్గర దగ్గరగా ఉంటే కొండ నిటారుగా ఉన్నట్టు లెక్క. స్కేలు 1:10,000 అయితే మ్యాపు మీద 1 సెంటీమీటరు నేల మీద 100 మీటర్లు.

ఇంకో చిత్రం. దిక్సూచి ముల్లు చూపే ఉత్తరం, అసలు ఉత్తరం ఒకటి కావు. సిడ్నీ దగ్గర ఈ తేడా 12 డిగ్రీలకు పైనే. అందుకని ఈ మ్యాపుల మీద ముల్లు చూపే ఉత్తరం వైపే గీతలు గీస్తారు. ఆటగాడు లెక్క కట్టే పని లేదు. మన ప్రాంతంలో ఆ తేడా చాలా తక్కువ.

ఎవరెవరు ఏం చేస్తారు?

ముందు అనుమతి. అడవి ప్రభుత్వానిదైతే అధికారులను, రైతు భూమి అయితే రైతును అడగాలి. గేటు తెరిచి ఉంటే తెరిచే ఉంచాలి, మూసి ఉంటే మూసే వెళ్ళాలి. అక్కడి ఆదివాసులకు పవిత్రమైన చోట్లు ఉంటే అటు దారి పెట్టకూడదు.

తర్వాత ఒకరు దారి నిర్ణయిస్తారు. చిన్నపిల్లలకు బాట వెంబడే తేలిక దారి, ఆరితేరినవాళ్ళకు బాట లేని కష్టమైన దారి. జెండా కట్టే చోటును కంట్రోలు అంటారు. మ్యాపు మీద బయలుదేరే చోటుకు త్రిభుజం, కంట్రోలుకు సున్న, ముగింపుకు ఒకదానిలో ఒకటి రెండు సున్నలు వేస్తారు. జెండా తెలుపు, నారింజ రంగుల్లో, ఒక్కో వైపు 30 సెంటీమీటర్లు ఉంటుంది.

రెండో మనిషి పని తనిఖీ. దారి వేసినవారి మాట నమ్మి ఊరుకోకుండా, తానే మ్యాపు పట్టుకొని ప్రతి చోటుకూ వెళ్ళి చూడాలి. జెండా పక్క వాగులో కట్టారనుకోండి, ఇక ఆ రోజు ఆటంతా వృథాయే. అందుకే ఎంత అనుభవం ఉన్నా ఒక్కరే చేసి సరే అనుకోరు.

పోటీ రోజున ఒకరు పేర్లు రాసుకుంటారు. ఒకరు గడియారం చూసి, ఒకరి వెనక ఒకరు పోకుండా నిమిషం, రెండు నిమిషాల తేడాతో పంపుతారు. ఒకరు ముగింపు దగ్గర టైము రాస్తారు. ఇప్పుడు చాలా చోట్ల వేలికి తొడుక్కునే ఎలక్ట్రానిక్ చిప్ వచ్చింది. అంతకుముందు కంట్రోలు దగ్గర ఉండే సూదుల పంచ్‌తో కార్డు మీద గుర్తు వేసుకునేవారు. వాలంటీర్లు వంతులు వేసుకొని పని చేస్తారు, వంతు లేని టైములో వాళ్ళూ ఆడతారు. ఆఖరున జెండాలు విప్పి, చెత్త ఏరి, అడవిని ముందున్నట్టు చేసి వెళతారు.

అన్నిటికంటే పెద్ద పని

ఎవరు గెలిచారన్నది రెండో సంగతి. ఎంతమంది లోపలికి వెళ్ళారు, అంతమందీ బయటికి వచ్చారా అన్నది మొదటి సంగతి. అందుకే ఒక గట్టి నియమం ఉంది. ఆట పూర్తి చేసినా, మధ్యలో మానేసినా, కాలు బెణికినా, ఒక్క జెండా దొరక్కపోయినా ముగింపు బల్ల దగ్గరికి వచ్చి పేరు చెప్పాలి. మానేసినవాడు సిగ్గుపడి చెప్పకుండా ఇంటికి పోయాడనుకోండి. ఇంట్లో వాడు అన్నం తింటుంటాడు. వాలంటీర్లు మాత్రం వాడి కోసం చీకట్లో అడవంతా గాలిస్తుంటారు. ఆ గాలింపులో ఇంకెవరికి దెబ్బ తగులుతుందో!

ఆట ముగిసే టైము ముందే చెబుతారు. ఆ టైముకు అందరూ వచ్చేయాలి. దారి తప్పితే ఏ దిక్కుకు నడిస్తే పెద్ద రోడ్డు తగులుతుందో ముందే చెబుతారు. ఈల వెంట ఉంచుకోమంటారు. ఎవరైనా దెబ్బ తగిలి కనబడితే తన ఆట వదిలి ఆగి సాయం చేయాలన్నది కూడా నియమమే. ఆస్ట్రేలియాలో ఎండాకాలం కార్చిచ్చు భయం ఎక్కువ. నిప్పు నిషేధం ప్రకటించిన రోజున పోటీ రద్దు చేస్తారు. ఎన్ని రోజులు కష్టపడి దారి వేసినా సరే, రద్దే.

మన హాస్టల్లో రాత్రి హాజరు తీసేటప్పుడు "రోజూ ఇదేం గోల" అని విసుక్కుంటాం. ఆ హాజరూ, ఈ ముగింపు బల్లా ఒకటే కదా! "ప్రెజెంట్ సార్" అన్న ఒక్క మాటతో ఒకరి నిద్ర నిశ్చింత అవుతుంది.

మనం చేయాలంటే

ముందు కొండ మీదికి వద్దు, కాంపౌండు లోపలే చాలు. 100 మీటర్ల పరుగు ట్రాక్ మీద నడిచి మన అంగలు ఎన్ని పడతాయో లెక్కపెట్టుకోవాలి. తర్వాత అంగలతో బడంతా కొలిచి, 1 సెంటీమీటరుకు 10 మీటర్ల చొప్పున గీస్తే 200 మీటర్ల ఆవరణ 20 సెంటీమీటర్లలో ఇమిడిపోతుంది. జెండా స్తంభం, బోరింగు, చింతచెట్టు, వంటశాల వెనక కట్టెల పాక, ఇలా పది చోట్లు చాలు. పాత గుడ్డకు రంగు వేస్తే జెండా. పంచ్ బదులు ఒక్కో చోట ఒక్కో రంగు క్రేయాన్ దారంతో వేలాడదీస్తే సరి.

పదో తరగతి అక్కలు, అన్నలు దారి వేయాలి. తొమ్మిదో తరగతివాళ్ళు తనిఖీ చేయాలి. ఆరు, ఏడు తరగతుల తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇద్దరిద్దరుగా వెళ్ళాలి. ముగింపు బల్ల దగ్గర పేర్లు టిక్కు పెట్టే పని మాత్రం తొందరపడనివాళ్ళకు ఇవ్వాలి.

చెట్టు, పుట్ట, గెడ్డ మనకు కొత్త కాదు. మనకు తెలిసిన నేలను కాగితం మీదికి తేవడమే కొత్త. అది వచ్చాక, వార్డెన్ గారు, ఊరి పెద్దలు, అటవీ శాఖ వారు సరేనంటే, గెడ్డలు పొంగని కాలం చూసి బయటికి వెళ్ళొచ్చు. అందాకా ఒక ఆదివారం సాయంత్రం కాంపౌండులో ఆడటానికి వార్డెన్ గారిని అడుగుదాం. వాలంటీరుగా ఉంటామనేవాళ్ళు ఈ కాగితం కింద ఉన్న ఖాళీలో పేరు, తరగతి రాయండి. పరుగెత్తేవాళ్ళ పేర్లు తర్వాత.