రక్షక కణముల రసాయనిక సందేశములు

1915లో నాటి చిత్తూరు జిల్లాలో, మదనపల్లె సమీపమున గల ఆరోగ్యవరములో క్షయ చికిత్సాలయము ప్రారంభమైనది. 1950లో అచటి వైద్యులు పరిసర గ్రామములలో బి.సి.జి. టీకా పరిశోధన ఆరంభించిరి. టీకాకు ముందు ట్యుబర్క్యులిన్ పరీక్ష చేయుట వాడుక. ఆ ద్రవమును ముంజేతి చర్మములోనికి సూదితో ఎక్కించి, రెండుమూడు దినముల తరువాత గట్టిపడిన వాపును కొలుతురు. ఆ వాపు ఎందువలన కలుగును? క్షయక్రిమిని ఎరిగిన టి-కణములను తెల్లకణములు అచట చేరి, కొన్ని రసాయనములను స్రవించును. వీనినే సైటోకైన్లందురు.

సైటోకైన్లు చిన్న ప్రోటీనులు. ఇవి కణమునుండి కణమునకు పోవు కబురులవంటివి. గామా ఇంటర్‌ఫెరాన్ అందగానే భక్షక కణము తాను మ్రింగిన క్షయక్రిములను చంపు శక్తిని పొందును. టి.ఎన్.ఎఫ్. అనునది భక్షక కణములను క్రిముల చుట్టు కోటగోడవలె నిలిపి ఉంచును.

అయితే ఈ కబురులే దారితప్పిన ఆపద కలుగును. కరెంటుతీగకు రబ్బరు తొడుగువలె, మెదడులోను వెన్నుపాములోను నాడీతంతువులకు మైలిన్ అను పొర కలదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అను వ్యాధిలో రక్షక కణములు ఈ పొరనే శత్రువుగా భ్రమించి పాడుచేయును. చూపు మందగించును, కాళ్లు తిమ్మిరెక్కి తడబడును. పెక్కుమందిలో వ్యాధి కొంతకాలము విజృంభించి, కొంతకాలము అణగియుండును.

1987లో ప్రకటితమైన ఒక అమెరికా పరిశోధనలో 18 మంది రోగులకు గామా ఇంటర్‌ఫెరాన్ ఇయ్యగా, 7 గురికి వ్యాధి విజృంభించెను. దాని బంధువగు బీటా ఇంటర్‌ఫెరాన్ మాత్రము దాడులను తగ్గించినందున 1993లో అమెరికాలో ఔషధముగా ఆమోదింపబడెను. టి.ఎన్.ఎఫ్.ను అడ్డగించిన మేలు కలుగునని తలచిరి. 1999లో వెలువడిన ఫలితములలో దాడులు హెచ్చినవి. మైలిన్ మరల ఏర్పడుటకు టి.ఎన్.ఎఫ్. తోడ్పడునని తరువాత ఎలుకలపై ప్రయోగములు సూచించినవి. ఒకే కబురు ఒకచోట మంట రేపును, మరియొకచోట మరమ్మతు చేయించును.

ఇందు మనకొక హెచ్చరిక కలదు. కీళ్లవాతమునకు టి.ఎన్.ఎఫ్. నిరోధకములు వాడినవారిలో అణగియున్న క్షయ మేల్కొనుట 2001లో స్పష్టమైనది. కోటగోడ సడలినచో శత్రువు బయటపడును గదా! కావున క్షయ అధికముగా గల మన దేశములో రక్షణశక్తిని అణచు ఔషధములను మొదలిడుటకు ముందు క్షయపరీక్ష అవసరము. నేడు రక్తకణములకు క్షయక్రిమి ప్రోటీనులను తాకించి, అవి స్రవించు గామా ఇంటర్‌ఫెరాన్‌ను కొలుచు పరీక్షయు కలదు.

రక్తములోని ఏ ఒక్క సైటోకైనును కొలిచియు మల్టిపుల్ స్క్లెరోసిస్ దాడిని ముందుగా చెప్పుటకు ఇంకను వీలుకాలేదు. రోగలక్షణములు, ఎం.ఆర్.ఐ. చిత్రములే వైద్యునికి ముఖ్యాధారములు. ఒక కంటిచూపు హఠాత్తుగా తగ్గినను, కాళ్లు పట్టుదప్పినను ఉపేక్షింపక నాడీవైద్యుని చూచుట మేలు.