ఇసుక మేటల నివారణలో కంచెల పాత్ర

అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్ మండలాలలో హగరి అని పిలిచే వేదవతి నది ఒడ్డున నైరుతి రుతుపవనాల కాలంలో వాన కంటె గాలి ఉధృతి ఎక్కువ. ఎండిన నదీగర్భం నుండి లేచిన ఇసుక తూర్పుగా సాగి పొలాలను, బాటలను కప్పివేస్తుంది. దర్గా హొన్నూరు పరిసరాలలో ఏకంగా దిబ్బలే ఏర్పడినాయి. ఇటువంటి సమస్యనే శీతల దేశాలు మంచు విషయంలో ఎదుర్కొన్నాయి.

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో 1970లో ప్రారంభమైన 80వ నంబరు అంతర్రాష్ట్ర రహదారి భాగం, గాలికి కొట్టుకువచ్చిన మంచుతో తొలి శీతకాలంలోనే పలుమార్లు మూతపడింది. 1971 నుండి అక్కడ చెక్క కంచెలు నిర్మించారు.

కంచె గాలిని ఆపదు. దాని వేగాన్ని తగ్గిస్తుంది. వేగం తగ్గిన గాలి తాను మోసుకువచ్చిన రేణువులను జారవిడుస్తుంది. సందులు లేని గోడ వెనుక సుడులు ఏర్పడి, మేట కొద్ది దూరానికే పరిమితమవుతుంది. అందువలన కంచెలో దాదాపు సగభాగం ఖాళీగా ఉంచుతారు. మంచు మేట కంచె ఎత్తుకు సుమారు 35 రెట్ల దూరం వరకు వ్యాపించగలదు. కనుక 2 మీటర్ల కంచెను గాలి వచ్చే దిక్కున, రహదారికి 70 మీటర్ల దూరంలో నిర్మించాలి. దగ్గరగా నిర్మిస్తే కంచే చేను మేసినట్లు, మేట బాటపైనే పడుతుంది.

ఈ సూత్రం ఇసుకకూ వర్తిస్తుంది. అయితే రెండు భేదాలను గమనించాలి. ఇసుకలో అధికభాగం నేలకు అతి సమీపంగా గెంతుతూ సాగుతుంది గనుక పొట్టి కంచెలు కూడ ఫలితమిస్తాయి. వాటి అడుగున ఖాళీ వదలరాదు. రెండవది మరింత ముఖ్యమైనది. మంచు వేసవిలో కరిగి కంచె మళ్ళీ ఖాళీ అవుతుంది. ఇసుక కరగదు. నిండిన కంచె నిరుపయోగం. కాబట్టి కంచె తొలి మెట్టు మాత్రమే. శాశ్వత రక్షణ పచ్చదనమే.

జోధ్‌పూర్‌లోని కేంద్ర శుష్క మండల పరిశోధనా సంస్థ అనుసరించిన పద్ధతి ఇదే: ఎండుకంపను గాలికి అడ్డంగా వరుసలుగానో, గళ్ళుగానో పాతి, వాటి చాటున గడ్డి, చెట్లు పెంచడం. హగరి తీరంలో కాయలు లేని సర్కారు తుమ్మ కంపను ఇందుకు వాడవచ్చు. గాలులు ఉధృతమయ్యే జూన్‌కు ముందే వరుసలు సిద్ధం కావాలి. తొలి వానలకు అంజన్ గడ్డి విత్తి, కానుగ, వేప మొక్కలు నాటి, అవి నిలదొక్కుకొనే వరకు పశువులను దూరముంచాలి.

ఒక రైతు తన గట్టున వేసిన కంప పక్క పొలాన్ని కాపాడలేదు. నది ఒడ్డు పొడవునా గ్రామస్థులందరూ ఒకే వేసవిలో ఈ పని చేపట్టినప్పుడే భూములు నిలుస్తాయి.