ముందుగా దిగిపోయేవారి లెక్కలు

రాజధానిలో తెలుగువారు అనుకోకుండా కలుసుకునే స్థలాలలో ఆంధ్రభవన్ భోజనశాలది అగ్రస్థానం. ఆదివారం మధ్యాహ్నం అక్కడి వరుసలో నిలబడితే శ్రీకాకుళం నుంచి చిత్తూరు వరకు అన్ని యాసలూ చెవిన పడతాయి. కొద్దివారాల క్రితం ఆ వరుసలోనే నాకొక యువకుడు పరిచయమయ్యాడు. గుంటూరు జిల్లావాడు. గుర్‌గావ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ సంస్థలో పెద్ద జీతగాడు. వయస్సు ముప్ఫై తొమ్మిది. విస్తట్లోకి గోంగూర వచ్చేలోపునే తన జీవిత ప్రణాళికను నాకు విశదపరచాడు. నలభై అయిదు నిండేసరికి మూడుకోట్ల రూపాయలు కూడబెట్టి ఉద్యోగానికి స్వస్తి చెప్పాలన్నది అతని సంకల్పం. ఏటికి ఖర్చు పన్నెండు లక్షలట. అందుకు ఇరవై అయిదు రెట్లు చేతిలో ఉంటే చాలునట.

"ఇరవై అయిదే ఎందుకు నాయనా?" అని అడిగాను.

"అది సూత్రం సార్. అందరూ ఒప్పుకున్నదే" అన్నాడతను.

అందరూ ఒప్పుకున్న సూత్రాలంటే పార్లమెంటు విలేఖరికి కొంత అనుమానం సహజం. ఇంటికి వచ్చి దాని పుట్టుపూర్వోత్తరాలు తిరగవేశాను. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికన్ ఆర్థిక సలహాదారు ఆ దేశపు షేర్ల, బాండ్ల చరిత్రను 1926 నుంచి తవ్వి తీశాడు. పదవీ విరమణ చేసినవాడు తొలి ఏట తన నిధిలో నూటికి నాలుగు వంతులు తీసుకుని, ఆపై ధరల పెరుగుదలను బట్టి ఆ మొత్తాన్ని పెంచుకుంటూ పోతే, ముప్ఫై ఏళ్లవరకు నిధి తరిగిపోదని ఆయన తేల్చాడు. నూటికి నాలుగు అంటే ఇరవై అయిదు రెట్లే. కాగా గమనించవలసినవి రెండున్నాయి. ఆ చరిత్ర అమెరికాది. ఆ ముప్ఫై ఏళ్ల గడువు అరవై దాటి విరమించేవానికి సరిపోతుంది. నలభై అయిదేళ్లవానికి అది డెబ్భై అయిదు వద్దనే ముగుస్తుంది.

మన లెక్క మనం వేసుకుందాం. మూడు కోట్లూ డిపాజిట్లలో ఉంచి నూటికి ఏడు చొప్పున వడ్డీ వస్తున్నదనుకుందాం. ధరలు ఏటా నూటికి ఆరు పెరుగుతున్నాయనుకుందాం. ఆదాయపు పన్ను ప్రసక్తి తీసుకురావద్దు. నేటి పన్నెండు లక్షల సంసారం పన్నెండేళ్లకు ఇరవై నాలుగు లక్షలు, మరి పన్నెండేళ్లకు నలభై ఎనిమిది లక్షలు అడుగుతుంది. ఈ ప్రకారం మూడు కోట్లూ ఇరవై ఎనిమిదేళ్లకు కాస్త అటూ ఇటూగా హరించుకుపోతాయి. అప్పటికి మన యువకునికి డెబ్భై మూడు. అతని తాతగారు తొంభై రెండు వరకు జీవించారని అతనే చెప్పాడు. షేర్లలో పెడితే ఎక్కువ రాదా అంటే రావచ్చు. విరమించిన మొదటి రెండుమూడేళ్లలోనే మార్కెట్ కూలిపోతే, తిండికోసం తక్కువ ధరకు అమ్ముకున్న షేర్లు తరువాత మార్కెట్ కోలుకున్నా తిరిగిరావు.

ఇది కాగితంమీది లెక్క. అనుభవంమీది లెక్క మరొకటి ఉన్నది.

జనక్‌పురిలో నాకొక మిత్రులున్నారు. వయస్సులో నాకంటె పెద్దవారు, నేను అన్నగారూ అనే పిలుస్తాను. ఒక ప్రభుత్వరంగ సంస్థలో అకౌంట్స్ విభాగంలో పనిచేస్తూ 2001లో, నలభై ఆరో ఏట, స్వచ్ఛంద విరమణ పథకం కింద బయటికి వచ్చారు. అది అటువంటి కాలం. 1992లో కేంద్రం జాతీయ పునరుద్ధరణ నిధిని నెలకొల్పిన నాటినుంచి 'గోల్డెన్ హ్యాండ్‌షేక్' అనే మాట రాజధాని కారిడార్లలో మారుమోగుతూ వచ్చింది. 2000-01లో ఒక్క ప్రభుత్వరంగ బ్యాంకులనుంచే సుమారు లక్షమంది ఇట్లా సెలవు తీసుకున్నారు.

అన్నగారికి అన్నీ కలిపి తొమ్మిది లక్షలు చేతికి వచ్చాయి. స్వంత ఫ్లాటు ఉన్నది. నూటికి పది వడ్డీపై నెలకు ఏడువేల అయిదువందలు. ఇంటి ఖర్చు ఆరువేల రెండువందలు. సాయంత్రాలు సంగీత కచేరీలకు వెళ్లేవారు. ఆయనను చూసి మాకందరికీ అసూయగా ఉండేది.

ఆయన తప్పు లెక్క వేయలేదు. వడ్డీరేటు అనేది ప్రభుత్వం చేతిలోని వస్తువని మాత్రం మరచిపోయారు. పబ్లిక్ ప్రావిడెంట్ ఫండ్‌నే తీసుకోండి. 1999 చివరివరకు నూటికి పన్నెండు వచ్చేది. 2003 మార్చి నాటికి అది ఎనిమిదికి దిగింది. నాలుగేళ్లు నిండకుండానే మూడోవంతు మాయం. బ్యాంకు డిపాజిట్లు మరింత కుంగాయి. 2004లో అన్నగారి నెలసరి రాబడి నాలుగువేల అయిదువందలు. అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరింది ఆ సంవత్సరమే. ఆ వడ్డీరేట్ల తగ్గింపును సంస్కరణగా అభివర్ణిస్తూ నేను కూడా ఇదే శీర్షికలో ఒక పేరా రాసి ఉంటాను. పాత కత్తిరింపులు వెతికి చూసుకునే ధైర్యం నాకు లేదు.

ఆయన నరైనాలోని ఒక చిన్న కార్ఖానాలో లెక్కలు రాయడానికి కుదిరారు. నెలకు అయిదువేలు. అరవై అయిదు నిండేవరకు పదహారేళ్లు ఆ పని చేశారు. "నేను విరమించలేదోయ్, బస్సు మారానంతే" అని నవ్వుతారు.

ప్రభుత్వోద్యోగుల విషయం వేరు. 2004కు ముందు చేరినవారు ఇరవై ఏళ్ల సర్వీసు తరువాత మూడునెలల నోటీసుతో స్వచ్ఛందంగా విరమించవచ్చు. మరుసటి దినంనుంచే పింఛను. పింఛను ప్రభువులు దయతలచి ఇచ్చే భిక్ష కాదని 1982 డిసెంబర్ 17న నకారా కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి ఆ భరోసా పోయింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చిన ఏకీకృత పింఛను పథకంలో సగం జీతపు హామీ మళ్లీ కనిపించిన మాట వాస్తవం. అయితే ఆ నోటిఫికేషన్‌లో పత్రికలు అంతగా పట్టించుకోని వాక్యం ఒకటున్నది. ఇరవై అయిదేళ్ల సర్వీసు తరువాత స్వచ్ఛందంగా విరమించినా, పింఛను మాత్రం మామూలుగా రిటైర్ కావలసిన తేదీనుంచే మొదలవుతుంది. ఇరవై నాలుగో ఏట చేరి నలభై తొమ్మిదిలో దిగిపోయినవాడు పదకొండేళ్లు తన సొంత నూనెతోనే దీపం పెట్టుకోవాలి.

లోక్‌సభ సభ్యులకు ఇటువంటి బెడద లేదు. 2023 ఏప్రిల్ నుంచి వర్తించేట్టుగా మాజీ సభ్యుని కనీస పింఛను నెలకు ముప్ఫై ఒక్కవేలు. సభలో ఎన్నేళ్లు కూర్చున్నారన్న కనీస నియమం కూడా లేదు. ఈ విషయమై సభలో అన్ని పక్షాల మధ్య నెలకొనే సామరస్యాన్ని ప్రెస్ గ్యాలరీనుంచి తిలకించడం ఒక అపురూపమైన అనుభవం.

కోరి దిగిపోవడం వేరు, దింపివేయడం వేరు. 1983లో ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుంచి 55కు తగ్గించినప్పుడు ఆంధ్రదేశంలో ఎన్ని ఇళ్లలో పెళ్లిళ్లు వాయిదా పడ్డాయో ఆ తరంవారికి ఇంకా జ్ఞాపకమే. తరువాత అది మళ్లీ 58 అయింది.

బి.ఏ.లో మాకు చార్లెస్ లాంబ్ వ్యాసాలు ఉండేవి. ఈస్టిండియా కంపెనీ లండన్ కార్యాలయంలో ముప్ఫైమూడేళ్లు గుమాస్తాగిరీ వెలగబెట్టి 1825లో, యాభయ్యో ఏట, మూడింట రెండువంతుల జీతం పింఛనుగా పుచ్చుకుని ఆయన బయటపడ్డాడు. ఆ సొమ్ములో మన రైతుల శిస్తు వాటా ఎంతో ఎవరు చెప్పగలరు? అంత ఖాళీ కాలం ఒక్కసారిగా మీదపడేసరికి తనకు ఊపిరాడలేదని ఆయన ఒక వ్యాసంలో రాసుకున్నాడు. ఇరవయ్యో ఏట ఆ బాధ నాకు హాస్యాస్పదంగా తోచింది. ఇప్పుడు నా బల్ల సొరుగులో మా కార్యాలయంనుంచి వచ్చిన స్వచ్ఛంద విరమణ పత్రం రెండునెలలుగా పడి ఉన్నది. మా ఇంటావిడ దానిని గురించి ఒక్కసారి మాత్రమే అడిగింది.

గత ఆదివారం ఆ యువకుణ్ణి అన్నగారి ఇంటికి తీసుకువెళ్లాను. అన్నగారు హితబోధ ఏమీ చేయలేదు. 2001నుంచి నెలనెలా రాసుకున్న పద్దు పుస్తకాలు బల్లమీద పెట్టారు. తొలి నెల మొత్తం 6,200. మొన్నటి నెలది 31,000. అబ్బాయి అయిదు రెట్లని మనస్సులో లెక్కకట్టి, తన అంచనా మరీ దూరం పోలేదన్నట్టు తల ఊపాడు. ఆపై మందుల వరుసమీద వేలు పెట్టి పైనుంచి కిందికి చదవడం మొదలుపెట్టాడు. మొదటి పుస్తకంలో తొంభై రూపాయలు. చివరిదానిలో ఏడువేల నాలుగువందలు.

"బాబాయిగారూ, ఈ పేజీలు ఫోటో తీసుకోవచ్చునా?" అన్నాడు.

"తీసుకో. కాఫీ చల్లారిపోతుంది, ముందు అది తాగు" అన్నారు అన్నగారు.