మీకు తెలుసా? నడుముకు తగిలించే మైకు సంగతులు

నల్లమలలోని అహోబిలంలో నరసింహస్వామి బ్రహ్మోత్సవాలు ఫాల్గుణంలో జరుగుతాయి. ఇలాంటి ఉత్సవాల్లో హరికథ చెప్పేవారికి చేతిలో చిడతలు, కాళ్లకు గజ్జెలు ఉంటాయి. మైకు పట్టుకునే వీలుండదు. అందుకే కాలర్ మైకు, నడుముకు చిన్న ట్రాన్స్‌మిటర్ పెట్టె.

• వేదికపై కళాకారుల కోసం అమెరికాలోని షూర్ సంస్థ ‘వాగబాండ్’ వైర్‌లెస్ మైకును 1953లోనే తెచ్చింది.

• మైకు 600 మెగాహెర్ట్జ్ ఫ్రీక్వెన్సీలో పనిచేస్తుంటే దాని తరంగం పొడవు 50 సెంటీమీటర్లు. యాంటెన్నా అందులో నాలుగో వంతు, అంటే సుమారు 12.5 సెంటీమీటర్లు ఉంటే చాలు. దాన్ని మడవకూడదు, చుట్టకూడదు.

• మన ఒంట్లో ఎక్కువ భాగం నీరే. అది రేడియో తరంగాలను పీల్చేస్తుంది. యాంటెన్నా చర్మానికి అంటుకుంటే సిగ్నల్ తగ్గుతుంది.

• రాతి మండపాల్లో స్తంభాలకు, గోడలకు తగిలి వెనక్కొచ్చిన తరంగాలు అసలు తరంగాన్ని కొన్నిచోట్ల రద్దు చేస్తాయి. ఒక్క అడుగు జరిగితే మాట తెగిపోవచ్చు. అందుకే మంచి రిసీవర్లకు రెండు యాంటెన్నాలుంటాయి. ఏది బాగా అందుకుంటే దాన్నే వాడుకుంటాయి.

• ఒకే ఫ్రీక్వెన్సీలో రెండు ట్రాన్స్‌మిటర్లు ఆన్ చేస్తే గరగర తప్పదు. ఒక్కో మైకుకు ఒక్కో ఫ్రీక్వెన్సీ పెట్టాలి.

• రాయలసీమ ఎండలో చెమటే పెద్ద శత్రువు. పెట్టెను పల్చటి ప్లాస్టిక్ కవరులో ఉంచి కట్టాలి. కార్యక్రమం అయ్యాక పొడిగుడ్డతో తుడవాలి, నీళ్లు చల్లకూడదు.

• దాచేముందు బ్యాటరీలు తీసేయాలి. ఆల్కలైన్ బ్యాటరీ కారితే స్ప్రింగులు తుప్పుపడతాయి. పాతది ఒకటి, కొత్తది ఒకటి కలిపి వేయకూడదు.