పేగుల్లో దోషులెవరు, నిర్దోషులెవరు?

అపోహ: పేగుల్లో బ్యాక్టీరియా ఎప్పటికైనా ప్రమాదమే, మందులేసి కడిగేసుకోవాలి.

మనిషి ఒంట్లో సుమారు 38 లక్షల కోట్ల బ్యాక్టీరియా ఉంటాయని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ శాస్త్రవేత్తలు 2016లో లెక్కగట్టారు. వాటిలో అత్యధికం పెద్దపేగులోనే ఉంటాయి. మనకు అరగని పీచును పులియబెట్టి బ్యుటిరేట్‌ను తయారుచేసేవి ఇవే. పేగు లోపలి పొర కణాలకు ప్రధాన ఆహారం అదే. అన్నిటినీ తుడిచిపెడితే ఆ మేలూ పోతుంది.

అపోహ: బ్యాక్టీరియాతో విరేచనాలు వస్తాయేమో గానీ, క్యాన్సర్ ఎలా వస్తుంది?

ఈ.కోలై దాదాపు అందరి పేగుల్లోనూ ఉంటుంది. అందులో కొన్ని రకాలు మాత్రం కోలిబాక్టిన్ అనే విషాన్ని తయారుచేసి కణాల డీఎన్ఏను దెబ్బతీస్తాయి. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు ప్రయోగశాలలో పెంచిన మానవ పేగు కణజాలంలోకి ఈ రకాన్ని ఐదు నెలలపాటు పదేపదే ఎక్కించారు. డీఎన్ఏలో ప్రత్యేకమైన మార్పులు కనిపించాయి. కొందరు పెద్దపేగు క్యాన్సర్ రోగుల కణితుల్లోనూ అచ్చంగా అవే మార్పులున్నాయని 2020లో ప్రకటించారు. తర్వాత 11 దేశాలకు చెందిన 981 మంది కణితులను పరిశీలించిన అధ్యయనం 2025లో వెలువడింది. 70 ఏళ్లు దాటాక జబ్బు బయటపడినవారితో పోలిస్తే, 40 ఏళ్లలోపే బయటపడినవారిలో ఈ గుర్తులు 3.3 రెట్లు ఎక్కువ. ఆ దెబ్బ బహుశా పదేళ్ల వయసులోపే తగిలి ఉంటుందన్నది పరిశోధకుల అంచనా. పసివయసులో పేగుల్లో ఏం జరుగుతోందన్నది ఇకపై తేలిగ్గా తీసుకోవాల్సిన విషయం కాదు. అలాగని ఈ రకం ఉన్నవారందరికీ క్యాన్సర్ రాదు. ఆరోగ్యంగా ఉన్న ఎందరిలోనో అది ఉంది.

అపోహ: అయితే యాంటీబయాటిక్ వేసుకుంటే సరి.

చిగుళ్ల జబ్బుతో ముడిపడిన ఫ్యూసోబ్యాక్టీరియం అనే మరో బ్యాక్టీరియా నోటి నుంచి పెద్దపేగు కణితుల్లోకీ చేరుతుంది. అమెరికాలో 2017లో జరిగిన ప్రయోగంలో మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ ఇచ్చాక ఎలుకల్లో కణితుల పెరుగుదల నెమ్మదించిన మాట నిజమే. కానీ అవి ఆ బ్యాక్టీరియా ఉన్న కణితులను అమర్చిన ఎలుకలు. దాన్ని చూసి మెడికల్ షాపులో మాత్రలు కొనుక్కోవడం తప్పు. యాంటీబయాటిక్‌లు ఎక్కువగా వాడినవారిలో పెద్దపేగు క్యాన్సర్ ముప్పు కొంత ఎక్కువగా ఉందని స్వీడన్‌లో 2021లో వెలువడ్డ పెద్ద అధ్యయనం చెప్పింది.

అపోహ: ప్రోబయాటిక్ క్యాప్సూల్ చాలు, తిండి ఎలా ఉన్నా ఫర్వాలేదు.

ఈ క్యాన్సర్‌ను ఆపుతుందని రుజువైన ప్రోబయాటిక్ ఇంతవరకూ లేదు. తిండి సంగతి వేరు. అమెరికాలోని నల్లజాతీయులూ, దక్షిణాఫ్రికా పల్లెవాసులూ ఇరవైమంది చొప్పున రెండు వారాలు ఒకరి ఆహారం ఒకరు తిన్నారు. పీచు ఎక్కువ, కొవ్వు తక్కువ ఉన్న తిండికి మారిన అమెరికన్లలో బ్యుటిరేట్ పెరిగి, పేగు వాపు తగ్గింది. మాంసం, కొవ్వు ఎక్కువగా తిన్న ఆఫ్రికన్లలో సరిగ్గా దానికి విరుద్ధంగా జరిగింది. 2015లో వెలువడిన ఫలితాలివి. మార్పుకు పట్టింది రెండే వారాలు!

అపోహ: మలంలో రక్తం పడితే మొలలే.

కావచ్చు, కాకపోనూవచ్చు; పెద్దపేగు క్యాన్సర్‌కూ అది గుర్తు కావచ్చు. పరీక్ష చేయించుకోకుండా నాటుమందులతో నెలలు గడిపితే జబ్బు ముదిరిపోతుంది. కొలనోస్కోపీలో పాలిప్‌లు (పేగు లోపలి బొడిపెలు) కనిపిస్తే, అవి క్యాన్సర్‌గా మారకముందే చాలావరకు అక్కడికక్కడే తీసేస్తారు.